సముద్రపు ఊళ్ళో నాన్న గొంతు

మా ఇంట్లో సినిమా నిషిద్ధం. ఎందుకని మేమెవరం అడగలేదు. కలకత్తా రేవు పక్కన గార్డెన్ రీచ్‌లో ఓడల నుంచి సరుకు దించే కళాసీల వాడలో మాది రెండు గదుల ఇల్లు. ఆదివారం పొద్దున పక్క పేట హాల్లో తెలుగు సినిమా వేస్తే, చుట్టుపక్కల శ్రీకాకుళం కుటుంబాలన్నీ తలలు దువ్వుకుని, పౌడర్లు రాసుకుని బయల్దేరేవి. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఏ ఇంట్లోనైనా టీవీలో సినిమా వస్తుంటే నాన్న ఆ ఇంటి ముందు నుంచి నడవకుండా వెనక సందులోంచి చుట్టు తిరిగి వచ్చేవాడు. ఆయన మాటలే తక్కువ మనిషి కాబట్టి అది కూడా ఆయన స్వభావమే అనుకున్నాం. నాకు పన్నెండో ఏట ఊపిరితిత్తుల జబ్బుతో నాన్న పోయాడు. ఆ తర్వాత కూడా అమ్మ, పిన్ని ఆ నియమం తప్పలేదు.

పిన్ని అంటే మా చిన్నాన్న భార్య. చిన్నాన్న నాకు గుర్తు లేడు. నాకు నాలుగేళ్ళప్పుడు ఓడ లోపల క్రేను ఎత్తే గోనెల వల తెగి మీద పడి చనిపోయాడు. అప్పటికి పిన్నికి పెళ్ళై ఎనిమిది నెలలు. ఇరవై ఏళ్ళు నిండలేదు. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తామంటే నాన్న ఒప్పుకోలేదట. "నా తమ్ముడి పెళ్ళాం నా ఇంట్లోనే ఉంటాది" అన్నాడట. ఆమెకీ వెళ్ళాలనిపించలేదు. బడిలో ఆయాగా చేరింది. నాన్న మంచాన పడ్డ ఏడాదీ అమ్మతో సమానంగా ఆయనకి సేవ చేసింది. ఇప్పుడు అమ్మ కూడా లేదు. అదే వాడలో, కాస్త మంచి ఇంట్లో, నేనూ పిన్నీ ఉంటున్నాం.

భవానీపూర్‌లో ఒక బీమా ఆఫీసులో నా ఉద్యోగం. అక్కడ నా పక్క బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు కూర్చున్న బెంగాలీ ఆవిడని నేను దీదీ అంటాను. రిటైరయ్యాక కూడా వారానికోసారి ఆఫీసుకొచ్చి నాతో టీ తాగి పోయేది. ఆమెకి సినిమాల పిచ్చి. హౌరా నుంచి నాలుగు గంటల ప్రయాణంలో ఒక చిన్న సముద్రపు ఊరుంది. అక్కడ ఏటా చలికాలంలో మూడు రోజుల సినిమా పండగ జరుగుతుంది. దీదీ ఒక్క ఏడు కూడా మానదు.

"ఈసారి నువ్వు రావాలి. సినిమా నచ్చకపోతే సముద్రం చూసుకో" అంది.

నలభై ఆరేళ్ళ వయసులో సినిమాకి వెళ్తున్నానని చెప్పడానికి సిగ్గేసి, పిన్నితో ఆఫీసు పని మీద వెళ్తున్నానని చెప్పాను.

ఆ ఊళ్ళో సినిమా హాలు లేదు. పండగంతా చేపల వేలం జరిగే ఆవరణ పక్కనున్న క్లబ్బు హాల్లో. కిటికీలకి నల్లగుడ్డలు మేకులతో కొట్టారు. సముద్రపు గాలి గట్టిగా వీచినప్పుడల్లా ఏదో ఒక గుడ్డ లేచి, తెర మీద ఎండ చార పడేది. అప్పుడు దగ్గరున్నవాళ్ళెవరో లేచి ఆ గుడ్డ మూల పట్టుకుని నిలబడేవారు. రెండొందల ప్లాస్టిక్ కుర్చీలు. ఎండుచేపల వాసన. పండగ నడిపేది ఒక మందుల షాపాయన, ఒక రిటైరైన మాస్టారు. ప్రారంభం చేసేది ఏ పెద్దమనిషో కాదు, ఆ ఊళ్ళో అందరికంటే ముసలి జాలరి. ఆయన వచ్చి దీపం వెలిగించి, మొదటి వరసలో కూర్చుని, పది నిమిషాల్లో నిద్రపోయాడు.

మొదటి రోజు నాలుగు సినిమాలు చూశాను. మరమరాలు, పచ్చిమిరపకాయ, మట్టి కప్పులో టీ. సాయంత్రం సరుగుడు చెట్ల కింద దీదీ వాటి గురించి వాదిస్తుంటే నేను వింటూ నడిచాను. ఇంత ఆనందాన్ని మా ఇల్లు ఎందుకు కాదనుకుందా అని ఆ రోజు మొదటిసారి ఆలోచించాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒక పాత డాక్యుమెంటరీ వేశారు. ఇరవై నిమిషాలది. తీసినాయన కూడా వచ్చాడు. చేతికర్ర సాయంతో నిలబడి, చదువుకునే రోజుల్లో ఇద్దరు స్నేహితులతో కలిసి కలకత్తా ఓడరేవులో తీశానని, ఎక్కడా ఆడలేదని, నలభై ఏళ్ళు మంచం కింద డబ్బాలో ఉందని, ఈమధ్యే కొడుకు బాగు చేయించాడని చెప్పాడు.

నలుపు తెలుపు బొమ్మ. క్రేన్లు, గోనెలు, నది. మూటలు మోసే వీపులు. అవి మా వాడ మనుషుల వీపులని నాకు అనిపిస్తూనే ఉంది. తర్వాత ఓడల తాళ్ళు కట్టే ఇనప దిమ్మె మీద ఒకతను కూర్చుని క్యారేజీ విప్పాడు. మొదటి ముద్ద తీసి పక్కన దిమ్మె మీద పెట్టాడు. మా నాన్న రోజూ అలాగే పెట్టేవాడు. కుర్రతనంగా ఉన్న ఆ మొహంలో నాన్నని పోల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. తెర మీద ఆయన నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు.

నాన్న ఫొటో ఒకటుంది మా ఇంట్లో. గొంతు లేదు. పన్నెండేళ్ళప్పుడు విన్న గొంతు ఎప్పుడో జారిపోయింది. తలుచుకున్నప్పుడల్లా బరువైన గొంతేదో ఊహించుకునేదాన్ని.

కెమెరా వెనక నుంచి ఎవరో బెంగాలీలో అడిగారు, "దాదా, పని ఎలా ఉంటుంది?" అని.

"అచ్ఛా హై" అన్నాడు నాన్న. సన్నటి గొంతు. దాదాపు పాడుతున్నట్టుంది.

కెమెరా ఆగలేదు. నాన్న కొంచెంసేపు దాని వైపు చూసి తెలుగులోకి దిగాడు.

"అచ్ఛా ఏటి అచ్ఛా. మీకు నా మాట తెల్దు గావాల. తెల్దు కదా? అయితే సెప్తాను. పోయినేడు మా తమ్ముడు ఇక్కడే ఉండిపోనాడు. ఆ దినం డూటీ ఆడిది కాదు, నాది. జరమొచ్చిందని సెప్పినాను. జరం నేదు. మేట్నీకెల్నాను. నా బదులు ఆడు దిగినాడు. నాను సినిమా సూసి, నవ్వుకుంటా ఇంటికొచ్చినాను. ఇంటికాడ జనం. ఎవులికీ సెప్పనేదు. మీకు సెప్పినాను. ఓయ్, తినండి. సేప కూర."

కింద బెంగాలీలో అక్షరాలు పడ్డాయి: నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. పని కష్టం. కానీ ఈ నది మాకు తిండి పెడుతుంది.

నా వెనక ఎవరో మెచ్చుకోలుగా నిట్టూర్చారు. కెమెరా వైపు ముద్ద చాపినప్పుడు హాలంతా నవ్వింది. ఆ రెండొందల మందిలో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. లేద్దామనుకున్నాను, లేవలేకపోయాను. నాన్న తెర మీద నుంచి వెళ్ళిపోయాడు, మళ్ళీ క్రేన్లు వచ్చాయి, సినిమా అయిపోయింది, జనం చప్పట్లు కొట్టారు. దీదీ నా చెయ్యి పట్టుకుని, "ఏమైంది?" అంటోంది.

వరండాలో ఆ ముసలి దర్శకుడి దగ్గరికి వెళ్ళాను. క్యారేజీ విప్పినాయన మా నాన్న అని చెప్పాను. ఆయన చేతికర్ర గోడకి ఆనించి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"ఆ మాటలకి అర్థం గేటు దగ్గర గుమాస్తా ఒకాయన విని చెప్పాడు. ఆయనకి ఆ భాష ఎంతొచ్చో నాకు ఎప్పుడూ అనుమానమే. కానీ ఆ గొంతు నాకెంత నచ్చిందో. అందుకే ఒక్క మాట కూడా కత్తిరించలేదు. చెప్పమ్మా, ఆయన నిజంగా ఏమన్నారు?"

నేను ఆయన మొహంలోకి చూశాను. "మీరు రాసిందే" అన్నాను.

ఆయన సంతోషించాడు. ఆ రోజు నాన్న తమ ముగ్గురికీ క్యారేజీ అంతా పెట్టేసి తాను తినలేదని చెప్పాడు. వెళ్ళేముందు, "ఇది హాల్లో వేస్తారా?" అని హిందీలో రెండుసార్లు అడిగాడట. వేస్తామని వీళ్ళు కుర్రతనంతో మాటిచ్చారట. సినిమాని దర్శకుడు నా ఫోనులోకి పంపించాడు. మూడో రోజు సినిమాలు నేను చూడలేదు. దీదీ నన్ను ఏమీ అడగకుండా నాతోపాటు ఇసకలో కూర్చుంది.

ఇంటికొచ్చాక పిన్ని ఎప్పటిలా వేడినీళ్ళు కాచి పెట్టింది. ఆమె చేతుల వైపు చూడలేకపోయాను. నాన్న చివరి రోజుల్లో దగ్గి దగ్గి సొమ్మసిల్లితే ఆ చేతులే వీపు రాసేవి. ఆయన కళ్ళు మూసిందీ ఆమే. నాన్న ఆ చేతులని ఎలా భరించాడు? ఆయన ఎప్పుడూ పిన్ని కళ్ళలోకి చూసి మాట్లాడేవాడు కాదు. అది మరదలి మీద మర్యాదని వాడంతా మెచ్చుకునేది.

పదకొండు రోజులు దాచాను. ఆఫీసు మెట్ల మీద చెవుల్లో పెట్టుకుని వినేదాన్ని. వద్దనుకుంటూనే వినేదాన్ని. నడుస్తుంటే, బస్సులో నిలబడితే, అన్నం కలుపుతుంటే "జరం నేదు" అని వినబడేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల మధ్యలో లేచి దగ్గర్లోని హాల్లో మ్యాట్నీకి వెళ్ళాను. ఏం సినిమానో తెలియదు. చీకట్లో చుట్టూ నవ్వుతున్న మొహాలు చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా ఏ నవ్వు దగ్గర ఆ వల తెగి ఉంటుందో అన్న ఆలోచన వచ్చింది. ఇక అక్కడ ఉండలేక బయటికొచ్చేశాను.

పన్నెండో రోజు ఆదివారం. పిన్ని కుళాయి దగ్గరుందనుకుని వంటింట్లో ఫోను తీశాను. చెవిలో పెట్టుకునేది సరిగ్గా తగల్లేదు. గొంతు బయటికే వచ్చింది.

గుమ్మంలో బిందె కింద పెట్టిన చప్పుడైంది.

"ఎవుల గొంతది?" అంది పిన్ని. ఆమె దగ్గరికొచ్చింది. "బావగారి గొంతు కదేటి? అమ్మీ, బావగారి గొంతు నీకాడ ఎలగుంది?"

ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత ఒక్క ముక్క విని పోల్చేసింది. అబద్ధాలు నాకు అయిపోయాయి. "పిన్నీ, ఇది వినొద్దు" అన్నాను. "నాన్న ఇందులో ఒక మాట చెప్పాడు. నీకు కష్టంగా ఉంటుంది."

"సచ్చినోడి మాట నన్నేటి సేస్తాది? పెట్టు."

పెట్టాను. నాన్న కనబడగానే ఆమె మొహం వెలిగిపోయింది. "ఓలమ్మా, ఎలగున్నాడో సూడు!" అంది. తర్వాత మాటలు వచ్చాయి. ఆమె మొహంలో ఏమీ మారలేదు. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మూడోసారి "జరం నేదు" అన్న చోట చెయ్యెత్తింది. ఆపాను. తెర మీద నాన్న నోరు కొంచెం తెరిచి ఉంది.

"మరి కసాయం ఎందుకు తాగినావు బావా?" అంది ఫోనుతో.

నేను అప్పుడు విన్నాను ఆ సంగతి. ఆ పొద్దున నాన్న ముసుగు పెట్టి పడుకుంటే పిన్నే మిరియాల కషాయం కాచి ఇచ్చిందట. నాన్న గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాడట. ఘాటుగా ఉందా బావా అని అడిగితే లేదన్నాడట. చిన్నాన్న గడప దాటుతూ, "అన్నయ్యకి మజ్జానం గంజి కాయి" అని చెప్పి వెళ్ళాడట. మధ్యాహ్నం ఆమె గంజి కాచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. డాక్టరు దగ్గరికెళ్ళాడనుకున్నారు. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది.

గోడ మీదున్న నాన్న ఫొటో తీసి, బట్టలో చుట్టి, ఇనప పెట్టెలో పెట్టేసింది. ఆ రోజు నుంచి ఆయన్ని "ఆడు" అనడం మొదలుపెట్టింది. "ఆడికి నా సేతుల్తో గంజి పోసినాను. ఆడి గుడ్డలుతికినాను" అనేది, గిన్నెలు తోముతూ, నాకు వినబడేలా. ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఆయన మాత్రం సుఖంగా బతికాడా పిన్నీ? బతికినన్నాళ్ళూ కుమిలిపోయే కదా పోయాడు" అన్నాను. ఆమె చేతిలో గిన్నె వదిలేసి నా వైపు తిరిగింది.

"ఎవులో కెమెరావోళ్ళకి సెప్పినాడు. నాకు సెప్పనేదు. సినిమాకెల్లినందుకు కాదమ్మీ. కుర్రోడు, సరదాకెల్నాడు. వల తెగుద్దని ఆడికేటి తెల్సు? పక్క గదిలో ఉన్నాను కదేటి. పద్దెనిమిది అడుగులు లేదు. ఒక్క దినం వచ్చి సెప్పుంటే తిట్టీదాన్ని, ఏడ్సీదాన్ని, అయిపోను."

ఆ సినిమా తీసినాయనకి నేనూ అబద్ధం చెప్పి వచ్చానని అప్పుడు ఆమెకి ఒప్పుకున్నాను. "మీరు రాసిందే" అన్నానని చెప్పాను. పిన్ని నన్ను అదోలా చూసింది. "ఆడి కూతురివే" అంది. ఆ మాట చాలా రోజులు నాలో తిరిగింది.

ఎండాకాలం వచ్చాక ఒక సాయంత్రం తనే కదిపింది. "ఆ బొమ్మలో కింద ఏటి రాసినారు?" అని అడిగింది. నది తిండి పెడుతుందని రాశారని చెప్పాను.

"నదేటి, తిండేటి! ఆయన సెప్పింది సెప్పినట్టు రాయించు. పేరెయ్యొద్దు. మాట మాత్రం మార్సొద్దు."

చాలా రోజులకి మళ్ళీ "ఆయన" అంది. నేను దర్శకుడికి ఫోను చేసి నిజం చెప్పాను. "నలభై ఏళ్ళు దాన్ని పాటలా గుర్తుపెట్టుకున్నాను" అన్నాడు.

వారం రోజులు పిన్నీ నేనూ ఆ నిమిషం మాటల మీద కూర్చున్నాం. నేను బెంగాలీలో రాసి తెలుగులో అర్థం చెబితే, సరిగ్గా ఉంటే ఆమె ఒప్పుకునేది, లేకపోతే కొట్టేయమనేది. ఒక చోట చాలా ఆగిపోయాం. తమ్ముడు ఇక్కడే చనిపోయాడు అని రాశాను.

"సచ్చిపోనాడని ఆయన అన్నేదు. ఉండిపోనాడు అన్నాడు."

"అర్థం అదే కదా పిన్నీ."

"అదే అయితే అదే అనీవోడు కదా. ఉండిపోనాడు అని రాయి."

అలాగే రాశాను.

మరుసటి చలికాలం ఆ సినిమా మళ్ళీ వేస్తున్నామని మందుల షాపాయన కబురు చేశాడు. పిన్ని తానూ వస్తానంది. రైల్లో దీదీ, పిన్ని తమ సగం సగం భాషలతోనే మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఊళ్ళో దిగి సముద్రం చూడగానే పిన్ని చెప్పులు విడిచి నీళ్ళలోకి నడిచింది. "ఇది మా ఊరి సముద్రమే. ఈ నీల్లే అక్కడికీ ఎల్తాయి" అంది. కానీ నీళ్ళు నెత్తిన చల్లుకోలేదు. కొంచెంసేపు నిలబడి వచ్చేసింది.

హాల్లో ఆమె చివరి వరసలో కూర్చుంది. నాన్న తెర మీదకి వచ్చినప్పుడు నేను ఆమెనే చూస్తున్నాను. ఆమె తెర వైపు చూడలేదు. ముందు వరసల్లో జనం తలలు అక్షరాల వెంట కదలడం చూస్తోంది. "జరం నేదు" దగ్గర ఆ తలలు ఆగిపోయాయి. పోయినేడు అందరూ నవ్విన చోట ఈసారి ఎవరూ నవ్వలేదు. కిటికీ గుడ్డ లేచి నాన్న మొహం మీద ఎండ చార పడింది. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ లేవలేదు.

"అందరూ సదివినారా?" అని పిన్ని నా చెవిలో అడిగింది.

"చదివారు."

"సరే."

బయట దర్శకుడు ఆమెకి చేతులు జోడించాడు. పిన్ని తన బడిలో నేర్చుకున్న బెంగాలీలో అడిగింది, "ఆ రోజు చేప కూర మీరు తిన్నారా?"

"తిన్నాం అమ్మా. ముగ్గురం."

"నేనే వండినాను" అంది.

ఆయన ఏడ్చాడు. పిన్ని ఏడవలేదు.

ఆ సాయంత్రం ఒక హాస్య సినిమా ఉంది. మా ఇద్దరికీ తెలియని దేశానిది, తెలియని భాష. వెళ్ళిపోదామా అంటే పిన్ని కదల్లేదు. "టికెట్టు లేదు కదా, సూద్దాం" అంది. ఈసారి మూడో వరసలో కూర్చుంది. ఒక లావుపాటి మనిషి మేకతో సహా ఇల్లు మారుతున్నాడు. జనం పగలబడి నవ్వారు. మొదట పిన్ని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది. గట్టిగా, భుజాలు కదిలేలా నవ్వింది. అరవై దాటిన ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వు వెనకే నాకు "నవ్వుకుంటా ఇంటికొచ్చినాను" అన్న నాన్న గొంతు వినబడుతూ ఉంది.

మర్నాడు హౌరా వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుని పిన్ని నాకు ఆ సినిమా కథ చెప్పింది. అక్షరాలు చదవలేదు కాబట్టి సగం తనే కల్పించుకుంది. మేక ఆ మనిషిది కాదట, చచ్చిపోయిన స్నేహితుడిదట. అందుకే వదల్లేకపోతున్నాడట. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ గంటన్నరా నేను తెర వైపే మొహం పెట్టి కూర్చున్నాను గాని, మేక తప్ప ఒక్క బొమ్మ కూడా నా కళ్ళకి ఎక్కలేదు.

"తర్వాత?" అన్నాను. పిన్ని చెబుతూ పోయింది.